చెన్నబసప్ప చూడని గంట

న్యాల్‌కల్ దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్లో చెన్నబసప్పను ఎరగనివాళ్లు లేరు. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, కచేరీలో ఉర్దూ మాట్లాడే లింగాయతు రైతు. కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి; బావి కింద చెరుకు, అల్లం. మనిషి పొట్టి, మాట గట్టి. అతనిది ఒకటే చిత్రమైన పట్టుదల. ఏదైనా సరే తన కంటితో చూడాలి. కోహీర్‌లో ఎవరి ఆవుకో రెండు తలల దూడ పుట్టిందని వినగానే అన్నం ముందు నుంచి లేచి బండి కట్టాడు. పోయేసరికి దూడ చచ్చిపోయింది, పాతిపెట్టేశారు కూడా. పాతిన చోట నిలబడి "జర ఆగలేకపోయిన్రా?" అని ఆవుగలవాళ్లతో కొట్లాడి ఇంటికొచ్చాడు.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో తాలూకా మొత్తానికి అల్లం పంటలో అతనికి బహుమానం వచ్చింది. ఆ ఎండాకాలమే సహకార సంఘాల రైతులను కొందరిని సర్కారు రష్యాకు పంపిస్తున్నదని కబురు తెలిసింది. ఆ తావు నుంచి పోవలసింది నిజానికి సంఘం అధ్యక్షుడు మహాదేవప్ప. ఆయన తల్లి "నువ్వు ఇమానం ఎక్కిన్నాడు నేను బాయిల దుంకుత" అని కూర్చుంది. ఆయన ఎక్కలేదు. ఆ సీటు చెన్నబసప్పకు వచ్చింది.

"అల్లం పెట్టే దినాలల్ల పోతవా?" అన్నది భార్య బస్వమ్మ.

"నువ్వున్నవ్ గద."

"నేనుంట. పో. గని చూసింది చూసినట్టు వచ్చి చెప్పాలె. సగం చెప్పి సగం మింగొద్దు."

ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లికారం, ఇంత బెల్లం గుడ్డసంచిలో కట్టి ఇచ్చింది. ఆ సంచి లేకపోతే అతను రష్యాలో నిజంగానే పస్తులుండేవాడు. మాస్కోలో ఏ బల్ల ముందు కూర్చున్నా మాంసం, లేకపోతే చేప. చెన్నబసప్ప మెడలో లింగమున్న మనిషి. చారులో ఏముందని అడిగితే "కూరగాయలే" అనేవారు. గరిటె పెడితే అడుగు నుంచి ఎముక తేలేది. దోసకాయలు, పెరుగు, నల్లరొట్టె తిని, గదికి పోయి జొన్నరొట్టె నీళ్లలో తడుపుకొనేవాడు. తిండి సంగతి సరే, అసలు బాధ అది కాదు. అంత దూరం పోయి కూడా అతనికి ఏదీ చూసినట్టు లేదు. పొద్దున ఒక ఆఫీసు, పగలు ఇంకో ఆఫీసు. ప్రతిచోటా పొడుగు బల్ల, నీళ్ల సీసాలు, స్వాగతోపన్యాసం, దానికి జవాబు ఉపన్యాసం. జవాబిచ్చేవాడు బృంద నాయకుడు మదన్‌మోహన్, హైదరాబాదు సహకార శాఖలో ఆఫీసరు. చెడ్డమనిషి కాదు, నిలబడి మాట్లాడడం మొదలుపెడితే కూర్చోవడం మరిచిపోతాడు, అంతే.

మాస్కోలో పని అయ్యాక వాళ్లను తెల్లటి పెద్ద పడవ ఎక్కించారు. కాలువ మీదుగా వోల్గా నదిలోకి పోయి, ఒడ్డున ఉన్న పాత పట్నాల్లో ఆగుతూ నాలుగు రోజులు ప్రయాణం. చెన్నబసప్పకు అప్పుడు ప్రాణం లేచి వచ్చింది. డెక్కు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. గట్ల మీద కట్టె ఇళ్లు, ఎండుగడ్డి వాములు, బట్టలు జాడిస్తున్న ఆడవాళ్లు. ఇవీ నేను చూడవచ్చినవి అనుకున్నాడు.

ఆ బృందానికి దుబాసీ తమారా అనే పిల్ల. మాస్కోలో హిందీ చదువుకుంది. ఆమె హిందీ పుస్తకాల్లోది, చెన్నబసప్పది జహీరాబాద్ బజారులోది. అయినా ఇద్దరికీ కుదిరింది. అతను ఆమెను బేటీ అనేవాడు. పడవెక్కిన మర్నాడు పొద్దున ఉగ్లిచ్ అనే పాత పట్నానికి దగ్గరవుతుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"అదిగో, నీళ్ల ఒడ్డునే ఎర్ర గోడలు, నీలం గుమ్మటాలు కనబడుతున్నాయి కదా. అక్కడ శిక్ష పడిన గంట ఉంది."

"ఏ గంటకు పడ్డది శిక్ష? పొద్దుగాలనా, మాపటికా?"

తమారా నవ్వి, తాడు పట్టి లాగినట్టు చేత్తో చూపించింది. తర్వాత కథ చెప్పింది. దగ్గర దగ్గర నాలుగు వందల ఏళ్ల కింద ఈ ఊళ్లో ఒక చిన్న రాకుమారుడు ఉండేవాడు. ఒకనాడు మధ్యాహ్నం పిల్లవాడు ఆవరణలో గొంతు తెగి పడి ఉన్నాడు. ఎవరో గంట మోగించారు. ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చి, మీరే చంపారని కొందరిని పట్టి చంపేసింది. మాస్కో ఏలికలకు కోపం వచ్చింది. ఊరివాళ్లను శిక్షించారు, గంటను కూడా వదల్లేదు. పైనుంచి కిందికి పడేశారు. లోపల మోగే నాలుక పీకించారు, వేలాడదీసే చెవి తెంపారు, కొరడాలతో కొట్టించారు, ఆ తర్వాత సైబీరియాకు వెళ్లగొట్టారు. మూడు వందల ఏళ్లకు గాని అది సొంత ఊరు చేరలేదు.

"గంటను కొట్టిన్రా? కొరడాలతోని?"

"అవును."

"అదేం తప్పు చేసింది?"

"మోగింది."

చెన్నబసప్పకు ఒక డప్పు గుర్తుకొచ్చింది. అతని చిన్నతనంలో, నిజాం కాలంలో, వాళ్ల ఊళ్లో గుండయ్య అని డప్పు కొట్టే మనిషి ఉండేవాడు. పటేల్ మనుషులు ఒక పేదవాని గింజలు బండికి ఎత్తుకుంటుంటే గుండయ్య డప్పు కొట్టి ఊరిని పిలిచాడు. పటేలు అతన్ని ఊరినుంచి వెళ్లగొట్టాడు. వెళ్లగొట్టేముందు ఆ డప్పును చావడి ముందు పెట్టించి, అందరూ చూస్తుండగా కత్తితో కోయించాడు. మనిషిని కొట్టడం చెన్నబసప్పకు తెలుసు. డప్పును ఎందుకు కోసినట్టు? తండ్రిని అడిగితే నోరు మూసుకొమ్మన్నాడు. అంత పిచ్చి కోపం తమ పటేలుకే ఉంటుందని ఇన్నాళ్లు అనుకున్నాడు. ఇక్కడ రాజులకూ ఉందట!

"బేటీ, ఆ గంటను నేను చూడాలె. ఇంకేం చూపెట్టకున్నా మంచిదే."

"కార్యక్రమంలో ఉంది. భోజనాల తర్వాత" అన్నది తమారా.

రేవులో బ్యాండు మోగింది. ఎర్ర రుమాళ్లు కట్టుకున్న పిల్లలు పూలిచ్చారు. ఒకామె రొట్టె మీద ఉప్పు పెట్టి తెచ్చింది. రొట్టె తిని చెన్నబసప్ప గుమ్మటాల వైపు రెండడుగులు వేశాడు. "ఇటు, ఇటు" అని భుజం పట్టి బస్సెక్కించారు.

ముందు చేతి గడియారాలు చేసే ఫ్యాక్టరీ. ఆడపిల్లలు కంటికి అద్దం బిగించుకొని నువ్వుగింజంత చక్రాలు పట్టుకారుతో కూర్చుతున్నారు. నిజంగా చూడదగ్గ పనే. ఒక పిల్ల దగ్గర నిలబడి చూద్దామనుకునేసరికి పక్క గదిలో మీటింగని పిలిచారు. తర్వాత నదికి కట్టిన కరెంటు ఆనకట్ట. అక్కడా మీటింగు. బస్సు అటూ ఇటూ తిరిగినప్పుడల్లా నీలం గుమ్మటాలు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనబడి పోతున్నాయి. తమారాను అడిగినప్పుడల్లా "భోజనాల తర్వాత" అంటున్నది.

భోజనాల బల్ల పొడుగ్గా ఉంది. ఊరి పెద్దలు ఎదురుగా కూర్చున్నారు. వాళ్లలో బట్టతల, పెద్ద పొట్ట, ఎర్రటి ముఖమున్న ఒకాయన లేచి ఈ ఊరి చరిత్ర గురించి మాట్లాడి, స్నేహం పేరుమీద గ్లాసు ఎత్తాడు. మదన్‌మోహన్ జవాబుకు లేచాడు. గంగానది దగ్గర మొదలుపెట్టి, వోల్గాను దానికి కలిపి, సహకారోద్యమానికి వచ్చాడు. ఒక్కొక్క వాక్యానికి తమారా తర్జుమా. మళ్లీ ఎవరో గ్లాసు ఎత్తారు. మళ్లీ జవాబు. చెన్నబసప్ప దోసకాయ ముక్కలన్నీ తినేశాడు. కిటికీలోంచి ఎండ పక్కకు వాలుతున్నది. పడవ కదిలే వేళ దగ్గరపడుతున్నది.

"సాబ్, జర జల్దీ కానియ్యుండ్రి" అన్నాడు మెల్లగా.

మదన్‌మోహన్ మాటలాపకుండానే చేత్తో కూర్చోమన్నాడు.

చెన్నబసప్ప కూర్చోలేదు. మూత్రానికి పోయేవాడిలా లేచి, తలుపు దాటి, వీధిలో పడ్డాడు. ధోతీ, కోటు, తలకు రుమాలు. ఆ వేషంతో ఆ వీధిలో పరుగులాంటి నడక. ఇళ్ల ముందు బెంచీల మీది ముసలమ్మలు నోళ్లు తెరిచి చూశారు. గుమ్మటాలే గుర్తు. రెండుసార్లు దారి తప్పి, ఒక ఇంటి పెరట్లోకి పోయి, కుక్క వెంటపడితే బయటపడి, చివరికి ఎర్ర గోడల ముందుకు చేరాడు.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల తలకు గుడ్డ కట్టుకున్న ఒక ముసలామె బకెట్టు పెట్టుకొని నేల తుడుస్తున్నది. చెన్నబసప్ప చెప్పులు విప్పి ఒక కాలు లోపల పెట్టాడు.

ఆమె అరిచింది. నేలను చూపించింది. తడి.

"తడైతే ఏమాయె అవ్వా, నేను చెప్పులిడిసిన గద!" అన్నాడు తెలుగులో.

ఆమె ఇంకా గట్టిగా రష్యన్‌లో ఏదో అన్నది. చేతిలో గుడ్డచుట్టిన కర్ర అడ్డం పెట్టింది.

"దునియా అంత తిరిగి వచ్చిన. ఒక్క నిమిషం చూసి పోత. నీ నేల నేనే తుడుస్త, కర్ర ఇటియ్యి!"

కర్ర కోసం చెయ్యి చాపాడు. ఆమె కర్రను వెనక్కి లాక్కొని అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టింది. కాసేపు ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు తిట్టుకున్నారు. చివరికి అతను తాడు లాగినట్టు చేసి "ఠంగ్, ఠంగ్" అన్నాడు. ఆమె ఆగింది. ముఖం మారింది. అవునన్నట్టు తలూపి, లోపల మూసి ఉన్న ఇంకో తలుపును చూపించింది. వేళ్లతో తాళంచెవి తిప్పినట్టు చేసింది. తన దగ్గర లేదని రెండు అరచేతులు చూపించింది. తర్వాత కడుపు ముందు చేతులు గుండ్రంగా పెట్టి, నెత్తి మీద వెంట్రుకలు లేనట్టు నిమిరి, గ్లాసు ఎత్తి తాగినట్టు చేసి, ఊరి వైపు వేలు చూపించింది.

చెన్నబసప్పకు ఏమీ తెలియలేదు. ఈ ముసలిది నన్ను తాగుబోతంటున్నదేమో అనుకున్నాడు.

అప్పుడే తమారా రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. ముసలామెతో మాట్లాడింది. వినేకొద్దీ ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఏమంటున్నది?"

"ఈ రోజు శుభ్రం చేసే రోజట. మ్యూజియం తెరవరట. మన కోసం తెరుస్తామని పెద్దాయన మాటిచ్చాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉందట."

"ఎవరా పెద్దాయన?"

"మీకు ఎదురుగా కూర్చున్నాడు కదా. బట్టతల ఆయన."

చెన్నబసప్ప నెత్తి మీది రుమాలు తీసి నేలకు కొట్టాడు. మూడు గంటలసేపు తాళంచెవి ముందర కూర్చొని దోసకాయలు తిన్నాడన్నమాట.

"పోయి తెద్దాం పా!"

రేవు నుంచి పడవ కూత వినిపించింది. తమారా అతని చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అతను రుమాలు ఎత్తి దులుపుకొని వెంట నడిచాడు. రేవు దగ్గర బట్టతలాయన అందరినీ కౌగిలించుకుంటున్నాడు. చెన్నబసప్పనూ కౌగిలించుకున్నాడు. ఆయన కోటు జేబులో గట్టిగా ఏదో అతని పక్కటెముకకు తగిలింది.

"చెప్పకుండ ఎటు పోయినవ్? దేశం పరువు తీస్తవా?" అన్నాడు మదన్‌మోహన్, పడవ కదిలాక.

"దేశం పరువు మీరు నిలబడి కాపాడుతున్నరు గద సాబ్. నేను ఒక గంట చూడపోయిన."

"గంటేంది?"

ఆయన కథే వినలేదు. ఆ తర్వాత ఆగిన పట్నాల్లోనూ అంతే. ఒక దాంట్లో టైర్ల ఫ్యాక్టరీ, ఒక దాంట్లో గుడ్డల మిల్లు. చెన్నబసప్ప అడగడం మానేశాడు.

జహీరాబాద్ స్టేషన్‌లో దండలు వేశారు. మార్కెట్ దగ్గర మీటింగు పెట్టి మాట్లాడమన్నారు. అతను గంట కథ చెప్పాడు, చూడలేదని కూడా చెప్పాడు. జనం నవ్వారు. "అంత దూరం పోయి చూడనిదాని ముచ్చట చెప్పవట్టె! ఆడ ఎకరానికి ఎంత పండుతది, అది చెప్పు" అన్నాడు ఒకడు. ఆనాటి నుంచి అతను 'గంట చెన్నబసప్ప' అయిపోయాడు. ఆ పేరు వినబడితే అతనికి ఒళ్లు మండేది.

నవ్వనిది బస్వమ్మ ఒక్కతే. మొదటి నుంచి చివరి దాకా విన్నది. అంతా అయ్యాక అడిగింది:

"పిల్లగాడు పోయిన్నాడు ఆ తల్లి ఏమైంది?"

"ఏ తల్లి?"

"ఆ పిల్లగాని తల్లి. గంట మూడొందల ఏండ్లకు ఇల్లు చేరిందంటివి. ఆమె ఏమైంది?"

 వాళ్లకు కూడా ఒక కొడుకు జ్వరంతో దవాఖానాకు పోయే దారిలోనే, బండిలో, పోయాడు. గంట ఏం తప్పు చేసిందని చెన్నబసప్ప తమారాను అడిగాడు గాని తల్లి మాటే అతనికి తోచలేదు. ఆ దినం నుంచి, చూడకపోయినందుకు ఉన్న కోపంలోకి అడగకపోయిన కోపం కూడా వచ్చి చేరింది.

అరవై ఆరులో ఒక ఆదివారం సంఘం నుంచి మనిషి వచ్చాడు. హైదరాబాదు దగ్గర మందుల ఫ్యాక్టరీ కడుతున్న రష్యా ఇంజనీర్లు బీదర్ కోట చూడడానికి పోతూ జహీరాబాద్‌లో ఆగారట. మహాదేవప్ప వాళ్లను పట్టి కూర్చోబెట్టాడు. రష్యా చూసిన మనిషివని చెన్నబసప్పను వెంటనే రమ్మన్నాడు.

పోయేసరికి దండలైపోయాయి, మహాదేవప్ప ఉపన్యాసం నడుస్తున్నది. చివరి కుర్చీలో ఒక లావుపాటి ఇంజనీరు చెమటలు కారుస్తూ, ఇటూ అటూ కదులుతూ, మాటిమాటికి తలుపు వైపు చూస్తున్నాడు. చెన్నబసప్ప గుండె కరిగిపోయింది. ఈ మనిషి బాధ తనకు తెలుసు! చక్కగా పోయి, అతని చెయ్యి పట్టుకొని, అందరూ చూస్తుండగా బయటికి తీసుకొచ్చాడు.

"పా సాబ్, కోటకు నేను తోల్కపోత" అని బస్సు అడ్డా వైపు లాగాడు.

ఇంజనీరు కాళ్లు బిగబట్టి నిలబడ్డాడు. కడుపు పట్టుకున్నాడు. రోడ్డు అవతల చెరుకు తోట చూపించాడు. మళ్లీ కడుపు పట్టుకున్నాడు.

అప్పుడు తెలిసింది. చెన్నబసప్ప హోటల్లోంచి చెంబు ఎత్తుకొచ్చి, అతని చేతికిచ్చి, చెరుకులోకి దారి చూపించి, గట్టు మీద కాపలా కూర్చున్నాడు.

ఇంజనీరు బయటికొచ్చేసరికి వెంట వచ్చిన దుబాసీ చంద్రశేఖర్ వెతుక్కుంటూ చేరాడు. ముగ్గురూ హోటల్ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. చెన్నబసప్ప ఆగలేక అడిగాడు. ఉగ్లిచ్‌లో శిక్ష పడ్డ గంట, చనిపోయిన పిల్లవాడు, అతని తల్లి. చంద్రశేఖర్ తర్జుమా చేశాడు. ఇంజనీరు శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు.

"ఈయనది దక్షిణాన బొగ్గు గనుల ఊరట. ఆ దిక్కు ఎన్నడూ పోలేదట. గంటను కొరడాలతో కొట్టుడేంది, కథ గావొచ్చు అంటున్నడు."

"కథ కాదు! నేను తలుపు దాకా పోయిన!"

ఉపన్యాసాలు ముగిసేసరికి పొద్దు వాలింది. ఇంక కోట చూసే వేళ లేదని వాళ్ల వ్యాను హైదరాబాదు వైపే తిరిగింది. పోతూ ఆ ఇంజనీరు కిటికీలోంచి బీదర్ వైపు ఒకసారి చూశాడు. అదీ చెన్నబసప్పకు తగిలింది.

"పాపం, పక్కదాక వచ్చి కోట చూడకపాయె" అన్నాడు ఇంటికి పోయి.

"మనం చూసినమా?" అన్నది బస్వమ్మ.

ఎన్నడూ చూడలేదు. అల్లం అమ్మడానికి బీదర్ బజారుకు ఎన్నిసార్లో పోయారు. కోట గోడలు దూరం నుంచి కనబడేవి. పని చూసుకొని తిరిగి వచ్చేవాళ్లు. ఆ మర్నాడే ఇద్దరూ బస్సెక్కారు.

కోటలో ఫిరంగులు చూశారు, కందకం చూశారు. లోపలి పాత రాజభవనం రంగీన్ మహల్ ముందుకు వచ్చేసరికి తాళం. తాళంచెవి ఉన్నవాడు తిండికి ఇంటికి పోయాడని, ఇవాళ వస్తాడో రాడో, రేపు రమ్మని అక్కడి తోట చూసే మాలీ చెప్పాడు.

చెన్నబసప్ప ముఖం ఎర్రబడింది. మాలీ మీదికి లేవబోయాడు. బస్వమ్మ కొంగు పరిచి మెట్ల మీద కూర్చుంది.

"కూసో. మనకు పడవ పోయేది లేదు."

కూర్చున్నాడు. మధ్యమధ్య లేచి తిట్టాడు, మళ్లీ కూర్చున్నాడు. రొట్టె మూట విప్పారు. నీడ మెట్లు దిగి బయలులోకి పోయింది. ఎప్పటికో తాళంచెవివాడు త్రేనుస్తూ వచ్చి, ఇంకా ఉన్నారా అన్నట్టు చూసి తలుపు తీశాడు.

లోపల నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్పలు మసక వెలుగులో మెరుస్తున్నాయి. బస్వమ్మ దగ్గరికి పోయి, వేలుపెట్టి ఒక తీగ వెంబడి చివరి దాకా తడిమింది. వెనక్కి వచ్చి మళ్లీ మొదటి నుంచి తడిమింది. మూసేస్తానని తాళంచెవివాడు తొందరపెట్టాడు. చెన్నబసప్ప తలుపుకు వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆమె చూసుడు గానియ్యి" అన్నాడు.

జహీరాబాద్ ఆఖరి బస్సు వాళ్లకు దొరకలేదు. ఆ రాత్రి బీదర్‌లో బస్వమ్మ చిన్నమ్మ ఇంట్లో పడుకున్నారు.